అరవై దాటాక బండి తీసే ముందు

ఒక ఆదివారం పొద్దున గంటసేపు వీలు చూసుకోండి. ఇంట్లో ఒకరిని తోడు పిలవండి. కొలిచే టేపు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్, బీపీ మిషను, షుగరు చూసే మిషను, రోజూ వేసుకునే మందుల డబ్బా, ఇవన్నీ దగ్గర పెట్టుకోండి. పెద్దవాళ్లు ఇంకా బండి నడపాలా, మానెయ్యాలా అన్న మాట ఇంట్లో ఎప్పుడొచ్చినా వయసు దగ్గరే ఆగిపోతుంది. డెబ్బై ఆరేళ్లకీ చూపు, మెడ, కాళ్లు బాగున్న మనిషి చక్కగా నడుపుతాడు. అరవై రెండేళ్లకే షుగరుతో పాదాలు మొద్దుబారిన మనిషికి బ్రేకు మీద కాలు ఉందో లేదో కూడా తెలియకపోవచ్చు. అందుకని ఒంటిని చూసి తేల్చుకోవాలి. ఆరు నెలలకోసారి చూసుకోండి. ఆపరేషన్ అయినా, కొత్త మందు మొదలైనా మళ్లీ చూసుకోండి.

ఇంట్లోనే చేసుకునే ఐదు పరీక్షలు

1. నంబరు ప్లేటు. లైసెన్సు దరఖాస్తుతో పెట్టే ఫారం 1లో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల నుంచి కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా అని. చదవకుండానే ‘అవును’ అని రాసేవాళ్లే ఎక్కువ. ఈసారి నిజంగా చేసి చూడండి. వీధిలో ఆగి ఉన్న కారు నుంచి 25 మీటర్లు కొలవండి. టేపు చాలకపోతే మామూలు అంగలు ఓ 35 నుంచి 40 వేయండి. బండి నడిపేటప్పుడు పెట్టుకునే కళ్లజోడుతోనే చదవండి. తర్వాత ఒక్కో కన్ను మూసి చదవండి. ఒక కన్ను మసకబారినా రెండోది ఏళ్ల తరబడి ఆ లోటు తెలియనివ్వదు. చివరగా దీపాలు పెట్టేవేళ అదే ప్లేటు మళ్లీ చదవండి. పగలు చదివి సాయంత్రం తడబడితే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

2. మెడ. కుర్చీలో కూర్చోండి. తోడున్నవారు మీ వెనక 10 అడుగుల దూరంలో నిలబడి కొన్ని వేళ్లు చూపించాలి. కారు వెనక్కి తీసేటప్పుడు తిరిగినట్టు తిరిగి, ఎన్ని వేళ్లో చెప్పండి. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. చెప్పలేకపోతే లేన్ మారేటప్పుడు మీ పక్కన వచ్చే బైకు మీకు కనిపించదన్నమాట.

3. నడక. నేల మీద 10 అడుగుల గీత గీయండి. పడిపోకుండా వీలైనంత చురుగ్గా ఆ చివరిదాకా నడిచి, తిరిగి రండి. చేతికర్ర వాడేవారు కర్రతోనే నడవొచ్చు. మొత్తం 9 సెకన్లు దాటితే కాళ్ల బలం, పడకుండా నిలదొక్కుకునే శక్తి తగ్గాయని అర్థం. పెద్ద వయసు డ్రైవర్లను పరీక్షించేటప్పుడు అమెరికా డాక్టర్లు పెట్టుకున్న లెక్క ఇది. కారు తోలడానికి నడకతో పనేమిటని అనిపించొచ్చు. యాక్సిలరేటర్ నుంచి బ్రేకు మీదికి వెళ్లాల్సింది ఆ కాలే.

4. పాదాల స్పర్శ. పడుకుని కళ్లు మూసుకోండి. తోడున్నవారు చూపుడువేలి కొసతో మీ రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసల్ని ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లపాటు మెత్తగా తాకాలి. నొక్కకూడదు, రుద్దకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. షుగరు ఉన్నవాళ్లు ఈ పరీక్ష వదలొద్దు.

5. లేచి నిలబడితే బీపీ. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కళ్లు తిరిగే ముప్పు ఉంది. ప్రొస్టేట్ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు వాడేవారిలో, ఎండాకాలంలో నీళ్లు సరిగా తాగనివారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

వీటిలో ఏది తప్పినా అక్కడికక్కడే బండి అమ్మేయనక్కర్లేదు. ఏ డాక్టరును, ఏ కారణంతో కలవాలో తెలిసింది. కలిసి వచ్చేదాకా తాళాలు ఇంకొకరి చేతిలో ఉంచండి.

కంటి సంగతి

అరవై ఏళ్ల కంటిలో రెటీనాకు, అంటే కంటి వెనక పొరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. అందుకే ఎదురు లారీ హెడ్‌లైట్ వెలుగు కళ్లలో పడి, అది దాటిపోయాక కూడా కాసేపు దారి కనబడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతారు. కళ్లు తేరుకోవడానికి మూడు సెకన్లు పట్టిందంటే 50 మీటర్లు చీకట్లో వెళ్లినట్టే.

శుక్లం ముదిరాక తీయిద్దామని ఆగొద్దు. రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించడం, ఎదురు లైటు భరించలేకపోవడం ఇబ్బంది పెడుతుంటే అప్పుడే అడగొచ్చు. నీటికాసుల జబ్బు ఇంతకంటే మోసకారి. నొప్పి ఉండదు, ఎదురుగా చూపు బాగానే ఉంటుంది, పక్కచూపు మెల్లగా పోతుంది. సందులోంచి దూసుకొచ్చే పిల్లవాడు కనబడేది ఆ పక్కచూపులోనే. నంబరు ప్లేటు పరీక్షకు ఇది దొరకదు, కాబట్టి ఏడాదికోసారి కంటి ఒత్తిడి, నరం చూపించుకోండి. షుగరు ఉంటే రెటీనా కూడా. ఆ రోజు పాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు, కొన్ని గంటలు మసకగా ఉంటుంది. కాబట్టి మీరు బండి నడపొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్లద్దాలు కొనకండి. వచ్చే కాస్త వెలుతురునూ అవి తగ్గిస్తాయి. దానికి బదులు ముందు అద్దం లోపలివైపు తుడవండి. పొగ, దుమ్ము పొరగా పేరుకుని ఎదురు లైటును చెదరగొట్టేది అక్కడే.

షుగరు, మందులు

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారికి అసలు భయం షుగరు పడిపోవడం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ ముప్పు చాలా తక్కువ. పై మందులు వాడుతుంటే బండి తీసే ముందు వేలికి గుచ్చి చూడండి. 90 దాటితే బయల్దేరండి. 70 నుంచి 90 మధ్య ఉంటే ఓ అరటిపండు గానీ నాలుగు బిస్కెట్లు గానీ తిని బయల్దేరండి. 70 కంటే తక్కువుంటే ప్రయాణం ఆపేయండి. మూడు టీ చెంచాల పంచదార, అంటే దాదాపు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగండి. చాక్లెట్, పాలు ఇక్కడ పనికిరావు. వాటిలో కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అంకె మామూలుకు వచ్చాక కూడా మరో 45 నిమిషాలు ఆగండి, ఎందుకంటే మెదడు తేరుకునేది ఆ తర్వాతే. దూరప్రయాణంలో రెండు గంటలకోసారి చూసుకోండి.

నడుపుతుండగా చెమట పట్టినా, చేతులు వణికినా, కారణం లేకుండా పక్కవాళ్ల మీద చిరాకు వచ్చినా ఎడమ పక్కకు తీసి ఆపండి. ఇంజను కట్టి, తాళం తీసి, డ్రైవరు సీటులోంచి దిగి, అప్పుడు పంచదార తీసుకోండి. అటెనొలోల్, మెటోప్రొలోల్ లాంటి బీపీ మాత్రలు వణుకును, గుండెదడను కప్పేస్తాయి. చెమట ఒక్కటే గుర్తుగా మిగలొచ్చు. పదిహేను ఇరవై ఏళ్లుగా షుగరు ఉన్నవారిలో కొందరికి ఏ గుర్తూ తెలియదు. అలాంటివారు అంకెను తప్ప ఒంటిని నమ్మకూడదు.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పరగడుపు రక్తపరీక్ష కోసం అలవాటుగా మాత్ర వేసేసుకుని, ఏమీ తినకుండా స్కూటరు మీద ల్యాబ్‌కు పోవడం. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాల్లో గుడికి వెళ్లడమూ అంతే. ఆ రోజు మాత్ర, ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరును ముందే అడగండి. వెళ్లడానికి ఆటో పిలవండి.

మిగతా మందుల డబ్బా ఇప్పుడు తెరవండి. జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమైన్, సెట్రిజిన్, నిద్రకిచ్చే అల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, కాళ్ల తిమ్మిర్లకిచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, నొప్పులకిచ్చే ట్రమడాల్. ఇవి మత్తు తెప్పించేవి, కొన్నింటి మత్తు రాత్రి వేసుకుంటే పొద్దున్నదాకా ఉంటుంది. వయసు పైబడ్డాక కిడ్నీ, లివరు వాటిని నెమ్మదిగా బయటికి పంపుతాయి. కొత్తగా మొదలుపెట్టినా, మోతాదు పెంచినా కనీసం మొదటి మూడు నాలుగు రోజులు బండి తీయొద్దు. మీ అంతట మీరు మందు మానేయకండి. “నేను బండి నడుపుతాను, దీని టైము మార్చొచ్చా, వేరేది ఉందా” అని డాక్టరును అడగండి. మన దగ్గర ఈ ప్రశ్న పేషెంటు అడగడు, డాక్టరుకు గుర్తురాదు.

స్కూటరు, మోపెడ్

పెద్దవాళ్లు ఎక్కువగా నడిపేది ఇవే కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ప్రమాదమంటే వేగంగా వెళ్తూ గుద్దుకోవడం ఒక్కటే అనుకుంటారు. ఆపుతున్నప్పుడు, ఆగి ఉన్నప్పుడు పడిపోవడం పెద్ద వయసులో చాలా మామూలు. స్కూటరు వంద కిలోలకు పైనే బరువుంటుంది. రోడ్డు అంచు వాలుగా ఉన్నచోట ఆపితే కాలు అనుకున్నదానికంటే కిందికి వెళ్తుంది, బండి అటు ఒరుగుతుంది, మోకాలు ఆపలేదు. అందుకే ఆపబోయే చోటును పది మీటర్ల ముందే చూసుకోండి. ఇసుక, కంకర, వాలు లేని జాగా ఎంచుకోండి. బండి ఒరిగిపోతుంటే పట్టుకుని ఆపాలని చూడకండి, వదిలేసి పక్కకు జరగండి. గీతలు పడ్డ బండికి రంగు వేయించొచ్చు, తుంటి ఎముక విరిగితే మంచం పట్టాల్సి వస్తుంది.

సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. మునివేళ్లే ఆనుతుంటే ఆ బండి మీది కాదు, తక్కువ ఎత్తుది చూసుకోండి. బండి కొనేటప్పుడు షోరూములో సెంటర్ స్టాండ్ మీరే స్వయంగా వేసి తీసి చూడండి. స్టాండ్ వేసేటప్పుడు చేతులతో బండిని ఎత్తొద్దు. స్టాండ్ మీద కాలు పెట్టి ఒంటి బరువు మోపితే బండి దానంతట అదే పైకి లేస్తుంది.

ఇంజను ఆన్‌లో ఉండగా బండి పక్కన నిలబడి సామాను పెట్టడం, స్టాండ్ తీయడం మానుకోండి. హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి తెలియకుండానే యాక్సిలరేటర్ తిప్పుతుంది, బండి మనిషిని లాక్కుపోతుంది. బ్యాటరీ స్కూటర్లలో ఇది మరీ ప్రమాదం, ఆన్‌లో ఉన్నట్టు చప్పుడే ఉండదు. ముందు నిలబెట్టుకున్న మనవడు సరదాగా హ్యాండిల్ తిప్పినా ఇదే జరుగుతుంది. కాళ్ల దగ్గర బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు పెట్టుకుంటే పాదాలు బయటికి పోతాయి, ఆపేటప్పుడు కాలు పెట్టడం ఆలస్యమవుతుంది. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన 125 సీసీ లోపు బళ్లలో రెండు చక్రాలకూ కలిపి పడే బ్రేకు తప్పనిసరి చేశారు. అంతకుముందు బండి వాడుతున్నవారు మార్చాలనుకుంటే ఇది మంచి కారణం.

వెనక ఇంటావిడ ఒకవైపుకు కూర్చుంటే చీర కొంగు చక్రంలో పడకుండా దోపుకోమనండి. ఆమె ఎక్కి సర్దుకుని ‘ఊ’ అనేదాకా రెండు కాళ్లూ నేల మీదే ఉంచండి. స్పీడ్ బ్రేకరు దగ్గర ముందే చెప్పి, నడక వేగానికి తగ్గించండి. ఎముకలు పలచబడ్డ వయసులో ఆ ఒక్క ఎగురుకే వెన్నుపూస నలగొచ్చు. హెల్మెట్ ఇద్దరికీ కావాలి, ఐఎస్ఐ గుర్తుతో ఐఎస్ 4151 అని ఉన్నది, గడ్డం పట్టీ బిగించి. చెవి మిషను వాడేవారు దాన్ని పెట్టుకుని షాపుకు వెళ్లి, కదలకుండా పట్టే హెల్మెట్ చూసుకోండి.

రక్తం పలచబడే మందులు వాడేవారికి ఒక ముఖ్యమైన మాట. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సాబాన్ వాడుతూ పడి తలకు దెబ్బ తగిలితే, పైకి చిన్న బొప్పే కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి వాడుతున్న మందు పేరు చెప్పండి. స్కాన్ అవసరమో లేదో వాళ్లు చూస్తారు. మెదడు పైపొరల మధ్య రక్తం మెల్లగా చేరి, వారాల తర్వాత తలనొప్పి, మగత, ఒక కాలు ఈడ్వడం, మాట తడబాటుగా బయటపడొచ్చు. అప్పటికి పడిన సంగతే మర్చిపోతారు. కాబట్టి పడ్డ తేదీ క్యాలెండరులో రాసి, ఇంట్లో వాళ్లకు చెప్పండి. పిల్లలు తిడతారని దాచొద్దు.

కారు సీటు

మీ ఛాతీకి, స్టీరింగ్ నడిమికి మధ్య కనీసం 10 అంగుళాలు ఉండాలి, లేకపోతే ఎయిర్‌బ్యాగే దెబ్బ తీస్తుంది. చూపు స్టీరింగ్ పైఅంచుకంటే 3 అంగుళాలు పైనుంచి వెళ్లాలి. సీటు పెరగకపోతే గట్టి దిండు వేసుకోండి, జారే మెత్తలు వద్దు. పక్క అద్దాల్లో మీ కారు అంచు లేశమాత్రమే కనిపించేలా బయటికి తిప్పండి. చాలామంది తమ కారు తలుపును చూపించేలా పెట్టుకుంటారు, మెడ తిరగనివారికి అది పెద్ద నష్టం. హవాయి చెప్పులతో నడపొద్దు, పెడల్ కింద ఇరుక్కుంటాయి. పలుచటి అడుగు, మడమ పట్టీ ఉన్న చెప్పులో, షూలో వేసుకోండి. గేర్ల కారు క్లచ్ తొక్కి మోకాలు నొస్తుందని ఆటోమేటిక్‌కు మారేవారు ఖాళీ మైదానంలో వారం రోజులు అలవాటు చేసుకోండి. కుడికాలు ఒక్కటే రెండు పెడళ్లకూ వాడాలి, మడమ బ్రేకుకు ఎదురుగా నేలకు ఆనించి ఉంచాలి. కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం ఆటోమేటిక్ కార్లలో పెద్దవారి వల్ల జరిగే ఘోరాల్లో ముఖ్యమైనది.

ఎప్పుడు, ఏ దారిన

పొద్దున పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మంచి వేళ. భోజనం చేశాక రెండు నుంచి నాలుగు మధ్య కునుకు పడుతుంది. రాత్రిళ్లు గట్టిగా గురకపెట్టి పగలు తూలేవారు నిద్ర పరీక్ష చేయించుకునేదాకా హైవే ఎక్కొద్దు. పొద్దు గుంకాక పల్లెదారులు మరీ ప్రమాదం. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, గేదెలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు కూడా.

ముందు బండికి మూడు సెకన్ల ఎడం ఉంచండి, వానలో అయిదు. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే ‘వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు’ అనుకోండి. అనేలోగా మీరు ఆ స్తంభం దగ్గరికి చేరితే దగ్గరైపోయారు. ఎదురు వాహనాలను దాటి కుడికి తిరగడం, డివైడరు సందులో యూటర్న్ కొట్టడం వయసు పైబడినవారికి అన్నింటికంటే కష్టం, ఎందుకంటే వచ్చే బండి వేగం అంచనా వేయాలి. అర కిలోమీటరు ఎక్కువైనా సిగ్నల్ ఉన్న కూడలిదాకా వెళ్లి తిరగండి.

ఆపరేషన్, జబ్బు తర్వాత

బైపాస్ తర్వాత ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటిదాకా స్టీరింగు, హ్యాండిల్ రెండూ వద్దు. కుడి మోకాలు మార్పించుకుంటే సాధారణంగా ఆరు వారాలు, సర్జను చూసి సరేనన్నాకే. పక్షవాతం, మూర్ఛ, కారణం తెలియకుండా స్పృహ తప్పడం వస్తే న్యూరాలజిస్టు రాతపూర్వకంగా చెప్పేదాకా తాళాలు ముట్టొద్దు.

లైసెన్సు కాగితాలు

55 ఏళ్లు దాటాక చేయించిన రెన్యూవల్ అయిదేళ్లకే వర్తిస్తుంది. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వాలి. గడువు ముగిసిన మర్నాటి నుంచే నడపడం నేరం, ఇన్సూరెన్సు డబ్బు దగ్గరా పేచీ వస్తుంది. నలభై దాటినవారు జత చేయాల్సిన ఫారం 1ఏ మీద సంతకం కోసం ఎవరో ఒక డాక్టరును వెతకొద్దు. మీ జబ్బులన్నీ తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, చూపు, చెవి, కాళ్లు నిజంగా చూడమని అడగండి. జపాన్‌లో 75 దాటినవారు రెన్యూవల్‌కు జ్ఞాపకశక్తి పరీక్ష కూడా ఇవ్వాలి. మన దగ్గర అది లేదు, కాబట్టి ఆ భారం ఇంట్లో వాళ్లదే.

మానెయ్యాల్సిన రోజు దగ్గరపడితే

ఈ గుర్తులు రాసి పెట్టుకోండి: రోజూ వెళ్లే దారిలో తికమక పడటం, బండి మీద ఎలా పడిందో గుర్తులేని కొత్త సొట్టలు, పదేపదే వెనకనుంచి హారన్లు, ఎర్రదీపం చూడకుండా దాటడం, మనవళ్లను ఎక్కించడానికి కోడలు వెనకాడటం. నెలలో రెండు మూడు కనిపిస్తే ఈ విషయంలో ముందు డాక్టరుతో మాట్లాడండి.

పిల్లలకు ఒక మాట. తాళాలు దాచేయడం, పదిమందిలో ‘నాన్నకు కళ్లు కనబడట్లేదు’ అనడం చేయొద్దు. 2016లో అమెరికాలో వెలువడిన ఒక సమీక్షలో, బండి మానేసిన పెద్దల్లో కుంగుబాటు లక్షణాల ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. బండి పోతే పాలకేంద్రం, రచ్చబండ, బ్యాంకు, స్నేహితుడి ఇల్లు అన్నీ ఒక్కసారే దూరమవుతాయి. అందుకని మానే ముందే, ఓ ఆరు నెలల్లో దఫాలుగా చేయండి. మొదట రాత్రి డ్రైవింగ్, తర్వాత హైవే, తర్వాత వెనక మనిషిని ఎక్కించుకోవడం, ఆఖరున మొత్తం.

“నాన్నా, వారంలో ఎక్కడెక్కడికి వెళ్తావో రాద్దాం రా” అని కాగితం తీసుకోండి. ఒక్కో చోటికి ఎదురుగా ఎలా వెళ్లాలో రాయండి: నడక, ఆటో, బస్సు, పక్కింటి కుర్రాడి బండి. వీధిలో నమ్మకస్తుడైన ఒక ఆటో అబ్బాయితో నెలకింతని మాట్లాడుకోండి. పెట్రోలు, సర్వీసు, ఇన్సూరెన్సుకు నెలనెలా పోయేదంతా కూడితే ఆ డబ్బు దాదాపు సరిపోవచ్చు. మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రలో అరవై దాటినవారికి టికెట్టులో 25 శాతం రాయితీ ఉంది, వయసు రుజువు కార్డు జేబులో ఉంచుకోవాలి. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మొదటి రెండు సార్లు ఎవరైనా తోడు వెళ్లండి. పిల్లలు దూరాన ఉండి, ఇంట్లో ఎవరూ లేకపోతే పెద్దల సహాయవాణి 14567కు ఫోన్ చేసి దగ్గరలో ఏ సాయం దొరుకుతుందో కనుక్కోండి. ఆ నంబరు, ఆటో అబ్బాయి నంబరు పెద్ద అక్షరాల్లో రాసి, ఇదివరకు బండి తాళాలు వేలాడిన మేకుకే తగిలించండి.